ఆన్‌లైన్ డిగ్రీకి ఏ వర్సిటీ? విశాఖ నుంచి చేరేవారికి సమగ్ర మార్గదర్శి

ద్వారకానగర్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా ముందు వినపడే ప్రశ్న "ఏ కోర్సు సార్?" అనే. దాని వెంటే ఫీజు కాగితం బల్ల మీదికి వస్తుంది. మీరు ముందు ఆలోచించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మూడేళ్ల తర్వాత పట్టా చేతికొచ్చాక దాన్ని ఎవరి ముందు పెట్టబోతున్నారు? ఇది తేలితే సగం వర్సిటీలు మీ జాబితాలోంచి వాటంతటవే రాలిపోతాయి. మిగిలిన సగాన్ని వడకట్టడానికి ఓ ఇంటర్నెట్ కనెక్షను, రెండు సాయంత్రాలు చాలు.

పట్టా ఎవరు చూస్తారు?

గ్రూప్-2, బ్యాంకు, రైల్వే లాంటి "ఏదైనా డిగ్రీ" అడిగే ఉద్యోగాలే మీ గురి అయితే పని తేలిక. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని విశ్వవిద్యాలయాలను నియంత్రించే విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 సెప్టెంబరు 2న ప్రకటన ఇచ్చింది. ఆ కాపీ దింపుకుని ఫోన్‌లో పెట్టుకోండి. సర్టిఫికెట్ల పరిశీలనలో ఎవరైనా ముఖం చిట్లిస్తే చూపించడానికి పనికొస్తుంది. ఆ సమానత్వం గుర్తింపు ఉన్న కోర్సుకే అన్నది మాత్రం మరిచిపోకండి.

టీచరు కావాలనుకుంటే కోర్సు పేరు చాలదు, లోపలి సబ్జెక్టులు చూడాలి. బీఈడీలో మీకు వచ్చే మెథడాలజీ (ఏ సబ్జెక్టు బోధన నేర్చుకుంటారన్నది), రేపు డీఎస్సీలో మీరు పోటీపడగల పోస్టు, రెండూ డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టే ఉంటాయి. గత ఎడ్‌సెట్, డీఎస్సీ నోటిఫికేషన్లలో అర్హతల పేజీ పక్కన పెట్టుకుని బీఏ సిలబస్ చదవండి. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిపి ఉన్న బీఏ ఒక రకం, ఒకే మేజర్‌తో నడిచే బీఏ ఇంకో రకం.

లా చదివే ఆలోచన ఉంటే ఇంటర్ పూర్తి చేసి, ఆ తర్వాతే డిగ్రీ చేసి ఉండాలి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి బార్ కౌన్సిల్ అడిగే మార్కులు ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. ఎంసీఏ వైపు వెళ్లాలనుకునే బీకాం విద్యార్థులు ఇంటర్‌లోగానీ డిగ్రీలోగానీ లెక్కలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. విదేశాల్లో పీజీ అయితే అక్కడి వర్సిటీ మూడేళ్ల డిగ్రీని తీసుకుంటుందా, ఆన్‌లైన్ డిగ్రీని తీసుకుంటుందా అని రెండు ప్రశ్నలు వేరువేరుగా మెయిల్లో అడిగి, జవాబు వచ్చాకే ఫీజు సంగతి చూడండి.

ఉద్యోగంలో ఉండి ప్రమోషన్ కోసం చదివేవారికి ఇంకో మెలిక ఉంది. స్టీల్‌ప్లాంట్ కావచ్చు, పోర్టు, డాక్‌యార్డు, రాష్ట్ర ప్రభుత్వ శాఖ కావచ్చు, చేరకముందే ఆఫీసులో రాతపూర్వక అనుమతి తీసుకోండి. అడగకుండా చదివేసి, పట్టా తెచ్చి సర్వీసు రిజిస్టరులో ఎక్కించమంటే పేచీ వస్తుంది.

ఆన్‌లైన్, దూరవిద్య ఒకటి కాదు

బయట రెండిటినీ కలిపి "డిస్టెన్స్" అనేస్తారు. నిబంధనల్లో రెండూ వేరు. దూరవిద్యలో పుస్తకాలు ఇంటికొస్తాయి, స్టడీ సెంటరు ఉంటుంది, సెలవుల్లో కాంటాక్ట్ తరగతులు జరుగుతాయి, పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాస్తారు. ఆన్‌లైన్‌లో పాఠం, నోట్సు, చర్చ, స్వీయ పరీక్ష, నాలుగూ వర్సిటీ పోర్టల్లోనే ఉంటాయి. స్టడీ సెంటరనేదే ఉండదు. కాబట్టి "మాది ఫలానా వర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీకి విశాఖ స్టడీ సెంటరండీ" అని ఎవరన్నా అంటే ఆ వాక్యంలోనే తప్పు ఉంది.

రెండో తేడా హద్దులది. దూరవిద్యలో రాష్ట్ర వర్సిటీలు తమ పరిధి దాటి విద్యార్థులను చేర్చుకోకూడదు. ఒకప్పుడు మద్దిలపాలెం నుంచి ఆశీలుమెట్ట దాకా పక్క రాష్ట్రాల వర్సిటీల స్టడీ సెంటర్ల బోర్డులు ఉండేవి. ఆ రోజులు పోయాయి, ఫ్రాంచైజీలకు నిబంధనల్లో చోటు లేదు. ఆన్‌లైన్‌కు ఈ హద్దు లేదు. గాజువాకలో కూర్చుని దేశంలో ఏ మూలనున్న గుర్తింపు పొందిన వర్సిటీలోనైనా చేరవచ్చు. హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టిన పాత పేరు, మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేరు. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణ వర్సిటీ. కాబట్టి ఆంధ్ర చిరునామాతో చేరాలనుకునేవారు పరిధి సంగతి ముందు నిర్ధారించుకోవాలి.

కొన్ని చదువులు ఈ రెండు దారుల్లోనూ లేవు. ఇంజనీరింగ్, వైద్యం, దంత వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్, లా ఆ కోవలోవి. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ కూడా ఆగిపోయాయి. ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం, 2021 కిందకు వచ్చే చదువులని యూజీసీ వాటిని తీసేసింది. పలు సబ్జెక్టుల బీఏలో సైకాలజీ ఒకటైతే ఆ ఒక్క సబ్జెక్టే పోతుంది, బీఏ ఉంటుంది. పాత కరపత్రాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి గనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాం.

ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీ, ఏడాదిలో డిగ్రీ, "వన్ సిట్టింగ్", పాత తేదీతో అడ్మిషను, ఇవేవీ చర్చించాల్సిన విషయాలే కావు. డిగ్రీకి కనీసం మూడేళ్లు పడుతుంది. ఆనర్స్ అయితే నాలుగు. ఇంటర్ తప్పినవారు ముందు సార్వత్రిక పాఠశాల ద్వారా అది పూర్తి చేసుకుని రావడమే దారి. పదో తరగతి తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారిని చాలా వర్సిటీలు తీసుకుంటాయి, కోర్సు అర్హతల్లో ఆ మాట రాసి ఉందో లేదో చూడండి.

జాబితాలో ఆ ఒక్క వరుస

ఈ వ్యాసంలో ఒకే ఒక్క పని చేస్తామంటే ఇది చేయండి. యూజీసీలో దూరవిద్య, ఆన్‌లైన్ వ్యవహారాలు చూసేది డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో, అంటే డీఈబీ. వెబ్‌సైట్ డీఈబీ డాట్ యూజీసీ డాట్ ఏసీ డాట్ ఇన్. అందులో సెషన్ల వారీగా గుర్తింపు జాబితాలు ఉంటాయి.

జనం చేసే పొరపాటు ఎక్కడంటే, జాబితాలో వర్సిటీ పేరు కనపడగానే "హమ్మయ్య, ఉంది" అని మూసేస్తారు. అనుమతి వర్సిటీకి గంపగుత్తగా ఇవ్వరు. నాలుగు విషయాలు ఒకే వరుసలో కలవాలి: వర్సిటీ, కోర్సు, విధానం, సెషన్. ఒక వర్సిటీకి బీకాం ఆన్‌లైన్‌లో ఉండి, బీఏ దూరవిద్యలో మాత్రమే ఉండవచ్చు. నిరుడు జూలైలో ఉన్న బీసీఏ ఈ జనవరిలో లేకపోవచ్చు. మీరు చేరే సెషన్ జాబితా తెరిచి, వేలు పెట్టి ఆ వరుస చదవండి. కోర్సు పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. "బీకాం" అని జాబితాలో ఉంటే, కన్సల్టెన్సీ వాళ్లు అమ్మేది "బీకాం విత్ ఇంటర్నేషనల్ ఫైనాన్స్" అయితే, పట్టా మీద ఏ పేరు వస్తుందని వర్సిటీని మెయిల్లో అడగండి. ఆ వరుస స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనపడేలా దాచుకోండి.

అదే సైట్లో ఇంకో రెండు చూడాలి. అడ్మిషన్లు తీసుకోవద్దని యూజీసీ ఆంక్ష పెట్టిన సంస్థల నోటీసులు ఒకటి, ఆ సెషన్‌కు అడ్మిషన్ల చివరి తేదీ రెండు. గడువు ఒక్కోసారి పెంచుతారు, పెంచితే అక్కడే ప్రకటిస్తారు. ఆ తేదీ దాటాక ఎవరు ఫీజు తీసుకున్నా ఆ అడ్మిషన్ నిలవదు. యూజీసీ ప్రధాన వెబ్‌సైట్‌లో నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా వేరుగా ఉంటుంది. దాన్నీ ఓసారి చూడండి, అందులో విశాఖ చిరునామాతో ఉన్న సంస్థ కూడా ఒకటుంది.

ఇక వర్సిటీ సొంత వెబ్‌సైట్. అక్కడ ఫొటోలు, నవ్వు ముఖాలు దాటి కిందికి వెళ్తే "ప్రోగ్రామ్ ప్రాజెక్ట్ రిపోర్ట్" అనే పత్రం దొరుకుతుంది. ప్రతి కోర్సుకూ ఇది పెట్టాలని నిబంధన. సిలబస్, క్రెడిట్లు, ఫీజు, పరీక్ష పద్ధతి, బోధనా సిబ్బంది వివరాలు ఇందులో ఉంటాయి. ప్రకటనలో చెప్పింది దీనితో పోల్చండి. ఆన్‌లైన్ కోర్సులో 250 మంది విద్యార్థుల బ్యాచ్‌కు ఒక కోర్సు మెంటర్ ఉండాలన్నది లెక్క. మీ మెంటర్ ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అని అడిగే హక్కు మీకుంది. ఈ పత్రం వెతికినా దొరకలేదంటే ఆ వర్సిటీని పక్కన పెట్టేయొచ్చు, మా ఉద్దేశంలో. బీబీఏ, బీసీఏలు 2024-25 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వచ్చాయి కాబట్టి ఆ అనుమతి సంగతి కూడా అక్కడే చూడండి.

వర్సిటీల నాణ్యతకు ఇచ్చే న్యాక్ గ్రేడు, కేంద్రం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు గురించి అందరూ గట్టిగా అరుస్తారు. అవి ముఖ్యమే, ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి అర్హత వాటిని బట్టే వస్తుంది. అయితే ఆ గ్రేడు మొత్తం క్యాంపస్‌కు వచ్చింది. మీ ఆన్‌లైన్ వీడియో పాఠం బాగుంటుందో లేదో అది చెప్పదు. గడువు తీరిన గ్రేడు కాదని చూసుకుని ముందుకెళ్లండి.

ఐడీలు, పేరు దగ్గర చిక్కు

ఆన్‌లైన్‌లోగానీ దూరవిద్యలోగానీ చేరాలంటే ఇప్పుడు డీఈబీ ఐడీ తప్పనిసరి. దానికి ముందు ఏబీసీ ఐడీ ఉండాలి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ ఖాతా నంబరది, 12 అంకెలుంటుంది. ముందు డిజీలాకర్‌లో ఆధార్‌తో లాగిన్ అయి ఏబీసీ ఐడీ తీసుకోండి. తర్వాత డీఈబీ సైట్లో విద్యార్థి విభాగంలోకి వెళ్లి, ఆ నంబరు కొట్టి, వివరాలు నింపితే డీఈబీ ఐడీ వస్తుంది. ఆధార్‌కు లింకయిన ఫోన్ చేతిలో ఉంటే పావుగంట పని. ఇది మీరే చేసుకోండి. ఇంకొకరి చేత చేయిస్తే వాళ్ల మెయిల్, వాళ్ల ఫోన్ నంబరు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ప్రతి ఓటీపీకీ వాళ్ల చుట్టూ తిరగాలి.

మన వాళ్లకు పని ఆగిపోయేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఆ ఇంటిపేరు ఒక్క అక్షరంగా మారి పక్కన చుక్క పెట్టుకుని ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకైతే మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఏబీసీలోకి వచ్చేది ఆధార్‌లోని పేరు. వర్సిటీ అడిగేది మెమోలోని పేరు. రెండూ కలవక దరఖాస్తు వెనక్కి వస్తుంది, లేదా ఇంకా ఘోరంగా, రాకుండా ముందుకెళ్లిపోయి పట్టా మీద పొట్టి పేరుతో దిగుతుంది.

మందు ఏమిటంటే, మెమో ప్రకారం ఆధార్‌ను మార్పించుకోండి, మెమోను ఆధార్‌కు తగ్గట్టు మార్చే ఆలోచన పెట్టుకోవద్దు. పదో తరగతి మెమో తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్తే చేస్తారు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆపరేటరు తెరమీద టైపు చేశాక స్పెల్లింగు, ఖాళీలు చదివాకే సరేననండి. మార్పు ఎక్కడానికి రోజులు పడుతుంది గనుక సెషన్ చివరి వారం దాకా ఆగొద్దు. ఆధార్ సరయ్యాకే ఏబీసీ ఐడీ తీయండి.

నెలకు 4,000 అంటే మొత్తం ఎంత?

ప్రకటనలో చెప్పే అంకె ఎప్పుడూ చిన్నదే. లెక్క మీరు వేయాలి. ఉదాహరణకు "నెలకు 4,000 మాత్రమే" అన్నారనుకోండి. 36 నెలలకు 1,44,000. దరఖాస్తు రుసుము 1,000 అనుకుందాం. సెమిస్టరుకు పరీక్ష ఫీజు 2,500 చొప్పున ఆరింటికి 15,000. పట్టా, మెమోలకు 3,000. నాలుగు పేపర్లు తప్పి మళ్లీ రాస్తే పేపరుకు వెయ్యి చొప్పున 4,000. మొత్తం 1,67,000 అయింది. ఇవి ఊహించిన అంకెలే, మీ వర్సిటీ అసలు అంకెలు పెట్టి ఇదే గడి నింపండి. పక్కనే ప్రభుత్వ వర్సిటీ దూరవిద్య ఫీజు కూడా రాసుకోండి. ఆ తేడా చూశాక వీడియో పాఠాలకు అంత పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

"జీరో కాస్ట్ ఈఎంఐ" అన్న మాట వినపడగానే జాగ్రత్తపడండి. అది వర్సిటీ ఇచ్చే వాయిదా కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. కంపెనీ ఏడాది ఫీజు ముందే కట్టేస్తుంది, మీరు మొదటి సెమిస్టరులోనే మానేసినా వాయిదా ప్రతి నెలా మీ ఖాతాలోంచి కోత పడుతూనే ఉంటుంది. ఆపితే సిబిల్ స్కోరు పడిపోయి, రేపు బండి లోను దగ్గర తెలుస్తుంది. ఆటోమేటిక్ డెబిట్‌కు సంతకం పెట్టే ముందు ఆలోచించమని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. సెమిస్టరుకు సెమిస్టరు నేరుగా వర్సిటీకి కట్టే వీలున్నదే ఎంచుకోండి.

డబ్బు వెళ్లే ఖాతా వర్సిటీ పేరున ఉండాలి. యూపీఐ స్కాన్ చేసినప్పుడు తెరమీద పేరు వస్తుంది కదా, అక్కడ వ్యక్తి పేరుగానీ కన్సల్టెన్సీ పేరుగానీ కనపడితే ఆగిపోండి. వర్సిటీ తరఫున ప్రచారం చేసే ప్లాట్‌ఫాంలు ఉంటాయి, అది వేరు. అడ్మిషను, బోధన, పరీక్ష, పట్టా, ఈ నాలుగూ వర్సిటీ బాధ్యతలే.

రెగ్యులర్ కాలేజీల్లో వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటును ఈ లెక్కలో వేసుకోవద్దు. దూరవిద్యకు, ఆన్‌లైన్‌కు అది అందుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి.

వారానికి 23 గంటలు

మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. గుణిస్తే 3,600 గంటలు. మూడేళ్లలో 156 వారాలుంటే వారానికి 23 గంటలు. నిజంగా అంత చదివేవాళ్లు తక్కువే, ఒప్పుకుందాం. సగమైనా 11 గంటలు ఉంటుంది. పరవాడ ఫార్మాసిటీలోనో అచ్యుతాపురం సెజ్‌లోనో వారం వారం మారే ఏ, బీ, సీ షిఫ్టుల్లో పనిచేస్తూ ఆ 11 గంటలు ఎక్కడి నుంచి తెస్తారో కాగితం మీద రాసి చూడండి.

షిఫ్టుల వాళ్లు లైవ్ తరగతుల సమయం కచ్చితంగా అడగాలి. చాలావరకు శని ఆదివారాలు, సాయంత్రాలు పెడతారు. బీ షిఫ్టులో ఉన్నవాడికి సాయంత్రం లైవ్ క్లాసు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అప్పుడు ముఖ్యమైనవి రెండు: రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచుతారు, రికార్డింగ్ చూస్తే హాజరు పడుతుందా. పోర్టల్లో మీరు పాల్గొంటున్నారో లేదో వర్సిటీ లెక్క పెడుతుంది. అది తగ్గితే పరీక్షకు అడ్డు పడవచ్చు.

మీరు ఇలా చదవగలరా లేదా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకునే మార్గం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్లో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. మీ సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న ఒక కోర్సులో చేరి నాలుగు వారాలు అసైన్‌మెంట్లు సమయానికి పెట్టగలిగారా చూడండి. రెండో వారంలోనే పోర్టల్ తెరవడం మానేస్తే, ఆన్‌లైన్ కాకుండా కాంటాక్ట్ తరగతులున్న దూరవిద్యో, సాయంత్రపు కాలేజో చూసుకోవడం మేలు.

భాష సంగతి కూడా ఇక్కడే. ప్రైవేటు వర్సిటీల ఆన్‌లైన్ డిగ్రీలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవారు పాఠం ఎలాగో అర్థం చేసుకున్నా, మూడు గంటల పరీక్షలో జవాబు రాయడం దగ్గర ఆగిపోతారు. పరీక్ష తెలుగులో రాయనిస్తారా అని ముందే అడగండి. పాఠ్యపుస్తకం తెలుగులో ఉంటుందన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు.

పరీక్ష ఎక్కడ, ఎలా?

చాలాచోట్ల అసైన్‌మెంట్లకు 30 శాతం, సెమిస్టరు చివరి పరీక్షకు 70 శాతం. ఆ 70 ఎక్కడ రాయాలన్నదే ప్రశ్న. సెంటర్‌లో అయితే విశాఖలో సెంటరు ఉందా, నిరుడు నిజంగా పెట్టారా అని అడగండి. "పెడతాం సార్" అంటే భవిష్యత్తు మాట. విజయవాడో హైదరాబాదో వెళ్లాల్సి వస్తే ఆరు సెమిస్టర్ల రైలు ఖర్చు, సెలవులు పై లెక్కలో కలపండి.

ఇంటి నుంచి రాసే పరీక్షకు కెమెరా, మైకు ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. ఫోన్‌లో పాఠాలు వినగలిగినా పరీక్ష రాయనివ్వని చోట్లు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కదు, ఆఫీసు లాకు అడ్డొస్తుంది. రెండు గదుల ఇంట్లో అసలు కష్టం మనుషులతో. వెనక నుంచి ఎవరో నడిచినా, అమ్మ కాఫీ గ్లాసుతో లోపలికొచ్చినా, పక్క గదిలో టీవీ గట్టిగా మోగినా సాఫ్ట్‌వేర్ అనుమానంగా నమోదు చేస్తుంది. వీపు గోడకు ఆనేలా కూర్చుని, తలుపు కెమెరాలో కనపడకుండా, వెలుతురు ముఖం మీద పడేలా బల్ల వేసుకోండి. వర్సిటీ పెట్టే నమూనా పరీక్షను అదే చోట, అదే సమయంలో రాసి చూడండి.

కరెంటు, నెట్ పోతే ఏం చేస్తారన్నది విశాఖవాసులు ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేని ఊరిది. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న వర్సిటీకి ఆ సంగతి పట్టదు. మధ్యలో ఆగిన పరీక్ష ఆగినచోటి నుంచి మొదలవుతుందా, మళ్లీ పెడతారా, ఫీజు మళ్లీ కట్టాలా అన్న నియమం రాతలో చూపించమనండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఒక కంపెనీదైతే ఫోన్ హాట్‌స్పాట్ ఇంకో కంపెనీది ఉంచుకోండి.

ఊళ్లో ఉన్నవాటి మాట

ఆన్‌లైన్ చదువుకు దూరం లెక్క కాదంటారు. మార్కుల మెమోలో తండ్రి పేరు తప్పు పడినప్పుడు ఆ దూరం ఎంతో తెలుస్తుంది. అందుకే సమ ఉజ్జీల మధ్య తేల్చుకోలేనప్పుడు మా ఓటు దగ్గరున్న ఆఫీసుకే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది, దాని దూరవిద్య 1972 నాటిది. 2023లో న్యాక్ ఏ ప్లస్ ప్లస్ గ్రేడు 3.74 స్కోరుతో వచ్చింది. బస్సెక్కి వెళ్లి కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడగలిగిన చోటు. ఆన్‌లైన్‌లో ఏయే కోర్సులు, దూరవిద్యలో ఏవి అన్నది మీ సెషన్ జాబితాలోనే చూసుకోండి. రుషికొండ దగ్గర గీతం డీమ్డ్ విశ్వవిద్యాలయం ఉంది, దానికీ ఇదే పద్ధతి. 1985లో వచ్చిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నోకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫీజు తక్కువ, పేరు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, మూడేళ్ల బీఏను ఆరేళ్ల లోపు పూర్తి చేయొచ్చు. చదివించే బాధ్యత మాత్రం పూర్తిగా మీదే, అడిగేవాళ్లుండరు. జూన్, డిసెంబరు పరీక్షలకు అసైన్‌మెంట్లు గడువులోగా పెట్టకపోవడమే అక్కడ ఎక్కువమంది వెనకబడే చోటు.

ఇప్పటికే ఊళ్లో డిగ్రీ కాలేజీలో చదువుతున్నవారు పక్కన ఆన్‌లైన్‌లో రెండో డిగ్రీ చేయొచ్చు, 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ అందుకు ఒప్పుకుంటోంది. పరీక్ష తేదీలు ఢీకొంటాయేమో చూసుకుంటే చాలు.

కౌన్సెలర్ ఫోన్ చేసినప్పుడు

ఏదో ఒక సైట్లో నంబరు కొట్టారంటే ఆ రోజు నుంచి ఫోన్లు మొదలు. "సార్, ఈ రోజు సాయంత్రం ఆరింటికి అడ్మిషన్లు క్లోజ్ సార్. ఐదొందలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి, మిగతాది తర్వాత చూద్దాం." ఆన్‌లైన్ డిగ్రీలో సీటు బ్లాక్ కావడమనే మాటకు పెద్ద అర్థం లేదు. చివరి తేదీ మీరు డీఈబీ సైట్లో చూసే ఉంటారు.

కోప్పడక్కర్లేదు, అవతల మాట్లాడే కుర్రాడిదీ టార్గెట్ బాధే. మర్యాదగా ఇలా అనండి: "బాబూ, మీరు చెప్పినవన్నీ వర్సిటీ మెయిల్ ఐడీ నుంచి పంపించండి. పట్టా మీద వచ్చే కోర్సు పేరు, మొత్తం ఫీజు, పరీక్ష ఎక్కడ, మానేస్తే ఎంత వెనక్కిస్తారు. ఈ నాలుగూ మెయిల్లో వచ్చాక మాట్లాడదాం." నిజమైన వర్సిటీ మనిషి అయితే మెయిల్ వస్తుంది. కాకపోతే ఫోన్లు ఆగిపోతాయి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట కూడా మెయిల్లో ఎప్పుడూ రాదు, ఫోన్‌లోనే ఉంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. "వెరిఫికేషన్ కోసం రెండ్రోజులు" అని తీసుకున్నవి డబ్బు కట్టేదాకా తిరిగి రాని సందర్భాలు ఉన్నాయి. స్కాన్ కాపీలు చాలు.

చేరాక మొదటి సెమిస్టరు

ఫీజు కట్టిన రసీదు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, డీఈబీ జాబితా స్క్రీన్‌షాట్, వర్సిటీ పంపిన మెయిళ్లు, ఇవన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి ఇంకో చోట కూడా కాపీ దాచండి. రసీదు వర్సిటీ పేరున లేకపోతే ఆ వారమే వర్సిటీ అడ్మిషన్ల విభాగానికి రాయండి, నెలలు గడిచాక జవాబు బరువు తగ్గుతుంది.

జవాబులు రాకపోతే ముందు వర్సిటీ ఫిర్యాదుల విభాగం, తర్వాత యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్. ఈఎంఐ పేరుతో మోసం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, నకిలీ ఖాతాకు డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాక ఓ పది రోజులు ఆగి డిజీలాకర్ తెరవండి. ఏబీసీ ఖాతాలో ఆ సెమిస్టరు క్రెడిట్లు జమ అయ్యాయా, పేరు మెమోలో ఉన్నట్టే ఉందా చూడండి. లేకపోతే రెండో సెమిస్టరు ఫీజు కట్టే ముందే పరీక్షల విభాగానికి మెయిల్ పెట్టి, అది సరయ్యాకే తర్వాతి వాయిదా కట్టండి.